తీర వనాల సేవలు – ప్రజల భాగస్వామ్యం: నెల్లూరు తీరం చెబుతున్న పాఠాలు

ప్రత్యేక విశ్లేషణ

అడవి అనగానే కలప, వంటచెరకు, వన్యమృగాలు గుర్తుకు రావడం సహజం. అయితే అడవి ప్రజలకు అందించే ప్రయోజనాల్లో ఇవి కొన్ని మాత్రమే. గాలివానకు అడ్డుగోడగా నిలవడం, ఇసుక దిబ్బలు కదలకుండా పట్టి ఉంచడం, చేప పిల్లలకు, రొయ్య పిల్లలకు ఆశ్రయమివ్వడం, చెరువు నీటిని సారవంతం చేయడం, మంచినీటి పొరలోకి ఉప్పునీరు చొరబడకుండా కొంతమేర నిలువరించడం వంటివన్నీ అడవి చేసే సేవలే. వీటికి మార్కెట్‌లో ధర లేదు, రశీదు లేదు. అందువల్లనే వీటి విలువ చాలాసార్లు అవి కోల్పోయిన తరువాత గాని తెలియరావడం లేదు. 2005లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో వెలువడిన సహస్రాబ్ది పర్యావరణ వ్యవస్థల మదింపు నివేదిక ఈ సేవలను వస్తువులను సమకూర్చేవి, ప్రకృతిని క్రమబద్ధం చేసేవి, సంస్కృతికి చెందినవి, వీటన్నిటికీ ఆధారమైనవి అని నాలుగు విధాలుగా వర్గీకరించింది. ఈ సేవలను ఎవరు కాపాడాలి, వాటి ఫలితం ఎవరికి చెందాలి అన్న రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడానికి నెల్లూరు తీరం అనువైన ప్రాంతం.

తీరం స్వరూపం

జిల్లాల పునర్వ్యవస్థీకరణకు పూర్వం ఉమ్మడి నెల్లూరు జిల్లా తీరరేఖ పొడవు 169 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాలు తిరుపతి జిల్లాలో చేరాయి. దీంతో పులికాట్ సరస్సు ఉత్తర భాగం, నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం పరిపాలనాపరంగా తిరుపతి జిల్లా పరిధిలోకి వెళ్లాయి. పరిపాలన సరిహద్దు మారినప్పటికీ నీరు, గాలి, పక్షులు, చేపలు ఆ సరిహద్దును ఎరుగవు. కనుక ఈ తీరాన్ని ఒకే పర్యావరణ వ్యవస్థగా చూడటమే సమంజసం.

ఈ తీరంలో అటవీ సంపద నాలుగు రూపాలలో కనిపిస్తుంది. మొదటిది శ్రీహరికోట దీవిలోనూ పరిసరాలలోనూ మిగిలి ఉన్న తీరప్రాంత శుష్క సతతహరిత అరణ్యం. పాల, అల్లి వంటి చెట్లతో కూడిన ఈ రకం అడవి దేశంలో చాలా అరుదైపోయింది. 1971 నుంచి రాకెట్ ప్రయోగ కేంద్రం ఉన్న కారణంగా దీవిలోకి రాకపోకలపై ఆంక్షలుండటం ఈ అడవి మిగలడానికి తోడ్పడింది. రెండవది పెన్నా ముఖద్వారం, కండలేరు పాయ తదితర ఉప్పుటేరుల వెంట అక్కడక్కడా కనిపించే మడ పొదలు. రాష్ట్రంలోని మడ అడవులలో అత్యధిక భాగం గోదావరి, కృష్ణా డెల్టాలలోనే ఉన్నాయి. నెల్లూరు తీరంలోనివి విస్తీర్ణంలో చిన్నవే అయినా స్థానిక చేపల వేటకు ఆధారం. మూడవది తీరం వెంట పెంచిన సరుగుడు రక్షక వనాలు. నాల్గవది నేలపట్టు చెరువులోని నీటి కడప చెట్ల వనం.

నేలపట్టు: రక్షణకు ప్రతిఫలం కంటికి కనిపించే చోటు

దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం 1976లో ఏర్పాటైంది. దీని విస్తీర్ణం 458.92 హెక్టార్లు. ఇందులో 288 హెక్టార్ల మేర శుష్క సతతహరిత పొద అడవి ఉంది. చెరువులోని నీటి కడప చెట్లు ఏడాదిలో ఐదు నుంచి ఏడు నెలల పాటు అయిదడుగుల లోతు నీటిలో నిలబడి కూడా బ్రతకగలవు. ఈశాన్య రుతుపవనాలు చెరువును నింపగానే గూడబాతులు, నత్తగుళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవక్కలు ఈ చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. గూడబాతులు సంతానోత్పత్తి చేసే ముఖ్య కేంద్రాలలో ఇది ఒకటి. ఇక్కడ 189 రకాల పక్షులను గుర్తించారు.

నేలపట్టు ప్రత్యేకత పక్షుల సంఖ్యలో మాత్రమే లేదు. గూళ్ల కింద నీటిలో పడే పక్షుల రెట్ట వల్ల చెరువు నీరు సారవంతమవుతుందని, ఆ నీరు పారిన పొలాలకు ఎరువు ఖర్చు తగ్గి పంట బాగా పండుతుందని ఆయకట్టు రైతుల అనుభవం. పక్షుల రెట్టలో నత్రజని, భాస్వరం అధికంగా ఉంటాయి కనుక ఈ అనుభవానికి శాస్త్రీయ ఆధారం లేకపోలేదు. చట్టం రాకముందే ఊరివారు పక్షుల జోలికి ఎవరినీ రానివ్వకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, గుంటూరు జిల్లా ఉప్పలపాడు, రాయలసీమలోని వీరాపురం గ్రామాలలోనూ పక్షులకు ఊరే రక్షణ కల్పించిన ఉదాహరణలున్నాయి.

ఇందులో పాలనాయంత్రాంగం గమనించవలసిన అంశం ఒకటున్నది. ఇక్కడ రక్షించేవారు, ప్రయోజనం పొందేవారు ఒక్కరే. పక్షిని కాపాడిన రైతుకే సారవంతమైన నీరు అందుతున్నది. ఈ లంకె ఉన్నంత కాలం కాపలాదారుల అవసరం తక్కువగా ఉంటుంది. లంకె తెగితే ఎంతమంది కాపలాదారులను నియమించినా చాలదు. చెరువు నీటి విషయంలోనే ఇందుకు అవకాశం పొంచి ఉంది. వర్షాభావ సంవత్సరాలలో అదే నీరు పంటకూ కావాలి, పిల్లలు ఎగిరిపోయే వరకు గూళ్ల కింద నిల్వా ఉండాలి. నీరు ముందుగా తగ్గితే గూళ్లున్న చెట్ల మొదళ్ల వరకు కుక్కలు, నక్కలు చేరగలుగుతాయి. పక్షులకు మేత కొరత ఏర్పడుతుంది. నీటిని పూర్తిగా ఆపివేస్తే రైతు నష్టపోతాడు. చెరువు తూము ఎప్పుడు తెరవాలి, ఎంత మేర తెరవాలి అన్నది అటవీ, నీటిపారుదల శాఖలు, ఆయకట్టు రైతులు ముందుగానే కూర్చుని నిర్ణయించుకోవలసిన విషయం. పక్షుల రక్షణలో ప్రజల భాగస్వామ్యమంటే ఆచరణలో ఇదే.

వన సంరక్షణ సమితుల అనుభవం

1988 జాతీయ అటవీ విధానం అడవుల రక్షణలో ప్రజలను భాగస్వాములను చేయాలని నిర్దేశించింది. 1990 జూన్ 1న కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు ఇందుకు మార్గదర్శకాలను జారీ చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్య విధానం అమలులోకి వచ్చింది. దీని కింద గ్రామాలలో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. ప్రపంచ బ్యాంకు సహాయంతో 1994లో ప్రారంభమైన అటవీ పథకం ఈ సమితులకు ఊతమిచ్చింది. 2002లో ఈ విధానం సామాజిక అటవీ యాజమాన్యంగా మారింది. ప్రతి కుటుంబం నుంచి ఒక పురుషుడు, ఒక మహిళ సభ్యులుగా ఉండటం, కార్యవర్గంలో మహిళలకు సగం స్థానాలు కేటాయించడం, అటవీ ఫలసాయంలో సమితులకు హక్కు కల్పించడం ఇందులోని ముఖ్యాంశాలు. ఉమ్మడి రాష్ట్రంలో వేల సంఖ్యలో సమితులు పనిచేశాయి. అభయారణ్యాల చుట్టుపక్కల గ్రామాలలో ఇదే తరహాలో పర్యావరణ అభివృద్ధి కమిటీలు ఏర్పడ్డాయి.

ఈ అనుభవం రెండు విధాలైన పాఠాలను మిగిల్చింది. పథకం నడిచిన కాలంలో మొక్కలు నాటడం, కందకాలు తవ్వడం, నీటి కుంటలు నిర్మించడం వంటి పనుల ద్వారా గ్రామీణ పేదలకు కూలి లభించింది. అనేక చోట్ల క్షీణించిన అడవి తిరిగి చిగురించింది. అయితే కూలి పనులే భాగస్వామ్యంగా చలామణి అయిన చోట, పథకం నిధులు ముగియడంతోనే సమితుల సమావేశాలు కూడా ఆగిపోయాయి. కూలి ఇచ్చినంత కాలం ప్రజలు కూలీలుగా ఉన్నారు, నిర్ణయంలో వాటా ఇచ్చిన చోట యజమానులుగా మారారు. ఈ రెండింటికీ మధ్యగల భేదమే సమితి మనుగడను నిర్ణయించింది.

తీర ప్రాంతానికి మరొక చిక్కు కూడా ఉంది. వన సంరక్షణ సమితుల నమూనా ప్రధానంగా కొండ ప్రాంతపు అడవుల కోసం రూపొందింది. వెదురు, చింతపండు, తునికాకు వంటి ఫలసాయం అక్కడ లభిస్తుంది. సమితికి వాటా ఇవ్వడానికి వస్తువు ఉంటుంది. సరుగుడు రక్షక వనం ముఖ్య ప్రయోజనం నిలబడి ఉండటమే. మడ అడవి ముఖ్య ప్రయోజనం ఆ పక్క ఏటిలో పడే వలలో కనిపిస్తుంది. అమ్మదగిన వస్తువు లేని చోట వాటాలు పంచే పద్ధతి పనిచేయదు. ఇటువంటి సేవలకు వేరే కొలమానం అవసరం.

రక్షక వనాలు: తుపానులు నేర్పినది

1977 నవంబరులో దివిసీమను ముంచెత్తిన ఉప్పెన తరువాత రాష్ట్ర తీరం వెంట సరుగుడు రక్షక వనాల పెంపకం విస్తృతంగా సాగింది. నెల్లూరు తీరం 1984 నవంబరులో శ్రీహరికోట సమీపంలోను, 1989 నవంబరులో కావలి సమీపంలోను తీరం దాటిన తీవ్ర తుపానులను చవిచూసింది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ రాష్ట్రంలో వందమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత తీర వనాల ప్రాధాన్యంపై అవగాహన పెరిగింది.

చెట్ల వరుస గాలి వేగాన్ని, ఇసుక కదలికను, అలల శక్తిని కొంతవరకు తగ్గించగలదు. అయితే అది పెద్ద సునామీ కెరటాన్ని పూర్తిగా ఆపగలదని భావించడం ప్రమాదకరం. హెచ్చరిక వ్యవస్థ, తుపాను రక్షణ భవనం, రోడ్డు ఇవేవీ వనం వల్ల అనవసరమైపోవు. పైగా వనం మధ్యలో పడవల దారి కోసమో, ఇసుక కోసమో తెరిచిన ఖాళీల గుండా నీరు మరింత వేగంగా లోపలికి దూసుకువచ్చే ప్రమాదం ఉన్నది. సహజమైన ఇసుక దిబ్బ చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే దాని వెనుక ఉన్న చెట్ల వరుస సమర్థంగా పనిచేస్తుంది.

ఎక్కడ ఏ మొక్క నాటాలన్నది కూడా చర్చనీయాంశమే. అలల అంచు వరకు సరుగుడు నాటితే బాలబంద తీగ, రావణాసురుని మీసాలు వంటి సహజ దిబ్బ మొక్కలకు చోటు తగ్గుతుంది. ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు అనువైన ఇసుక మేట కుంచించుకుపోతుంది. పడవలు లాగడానికి, వలలు ఆరబెట్టడానికి మత్స్యకారులకు కూడా ఆ ఖాళీ స్థలం అవసరం. తాబేలు ఏ మేరలో గుడ్లు పెడుతుందో, ఏ దిబ్బ మీదుగా నీరు పొర్లుతుందో రోజూ ఒడ్డున తిరిగే వారికి తెలిసినంతగా పటం చూసి చెప్పడం కష్టం. నాటే ముందు ఊరివారితో కలిసి ఒడ్డు వెంట నడిచి గుర్తులు పెట్టుకోవడం వల్ల వ్యయం పెరగదు, వివాదాలు తగ్గుతాయి.

భాగస్వాములు ఎవరు?

ప్రజల భాగస్వామ్యం అన్న మాట వినడానికి ఒకటిగా ఉన్నా, నెల్లూరు తీరంలో ప్రజలు ఒకే వర్గం కాదు. సముద్రంలో వేటాడే మత్స్యకారులు, పులికాట్ సరస్సులో చేపలు పట్టేవారు, ఆయకట్టు రైతులు, సరుగుడు సాగుదారులు, రొయ్యల చెరువుల యజమానులు, యానాదులు, పర్యాటక రంగంపై ఆధారపడిన చిరువ్యాపారులు, ఓడరేవులు, విద్యుత్ కేంద్రాలు, సిలికా ఇసుక గనుల నిర్వాహకులు – అందరూ ఈ తీరంలో ఏదో ఒక మేరకు భాగస్వాములే. వీరి అవసరాలు పలుచోట్ల పరస్పర విరుద్ధంగా ఉంటాయి.

రొయ్యల సాగు ఇందుకు ఉదాహరణ. 1990 దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లా రొయ్యల సాగులో దేశంలోనే ముందంజ వేసింది. 1994 నాటికి వైరస్ తెగులు కండలేరు పాయ పరిసరాల చెరువులను దెబ్బతీసింది. ఒకే ఏటి నుంచి నీరు తోడుకుని, అదే ఏటిలోకి వ్యర్థజలం వదలడం తెగులు వ్యాప్తికి దోహదం చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2005లో పార్లమెంటు ఆమోదించిన కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఈ రంగానికి నియంత్రణను తెచ్చాయి. ఏటి అంచున మడ పొద ఉంటే నీటిలోని మలినాలను కొంతవరకు వడగట్టేది, గట్టును కోతనుంచి కాపాడేది. కనుక మడ అడవి రక్షణ రొయ్యల రైతుకు వ్యతిరేకం కాదు, అతని దీర్ఘకాలిక ప్రయోజనానికి అవసరం.

యానాదుల స్థితి ప్రత్యేకంగా ప్రస్తావించదగినది. జిల్లా గిరిజన జనాభాలో అత్యధికులు వీరే. శ్రీహరికోట అడవులలో తేనె, దుంపలు, ఔషధ మూలికల సేకరణ వీరి వంశపారంపర్య విద్య. ఉప్పుటేరులలో చేతులతో పీతలు, రొయ్యలు పట్టి జీవించే కుటుంబాలున్నాయి. వీరిలో అనేకులకు భూమి లేదు, పడవ లేదు. అడవి, ఏరు క్షీణించినప్పుడు మొదట నష్టపోయేది వీరే, సమావేశంలో చివర కూర్చునేదీ వీరే. నెల్లూరు ప్రాంతంలో షెడ్యూల్డు ప్రాంతం లేనందున ఆ ప్రాంతాలకు వర్తించే పంచాయతీ విస్తరణ చట్టం రక్షణలు వీరికి అందవు. అయితే 2006 అటవీ హక్కుల గుర్తింపు చట్టం షెడ్యూల్డు ప్రాంతాల వెలుపలి అటవీ భూములకు కూడా వర్తిస్తుంది. సామాజిక అటవీ వనరును కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును ఈ చట్టం గుర్తించింది. ఆ హక్కు గ్రామసభ ద్వారా ప్రజలకు చెందేది గాని, శాఖ ఏర్పాటు చేసిన సమితికి చెందేది కాదన్న భేదాన్ని క్షేత్రస్థాయి అధికారులు గుర్తుంచుకోవలసి ఉంటుంది.

మత్స్యకార గ్రామాలలో కులపెద్దలు కూడి తీసుకునే ఉమ్మడి నిర్ణయానికి ఇప్పటికీ గట్టి విలువ ఉంది. దురాయిగా వ్యవహరించే ఈ కట్టుబాటు వేట విరామం వంటి విషయాలలో ఊరంతటినీ ఒక మాటపై నిలబెట్టగలదు. అదే సమయంలో అందులో స్త్రీలకు, ఇతర కులాల వారికి స్థానం తక్కువ. చేపలు అమ్మేది, వంటచెరకు ఏరేది ఎక్కువగా స్త్రీలే. పెద్దల అంగీకారం పొందితే ఊరి అంగీకారం పొందినట్లేనని అధికారులు భావిస్తే సగం ఊరి మాట వినకుండానే నిర్ణయం జరిగిపోతుంది.

పులికాట్: అడవికి ఆవలి ప్రశ్న

దేశంలో చిలికా తరువాత రెండవ అతిపెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఆంధ్రప్రదేశ్ వైపు భాగాన్ని 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. నేలపట్టులో గూళ్లు కట్టుకున్న పక్షులు మేతకై ఈ సరస్సుకు వస్తాయి. రాజహంసలు శీతకాలంలో వేల సంఖ్యలో ఇక్కడ చేరతాయి. ఒకచోట గూడు, మరొకచోట మేత – ఈ రెండింటిలో ఏది దెబ్బతిన్నా మరొకటి నిష్ఫలమవుతుంది.

సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడిపోవడం సరస్సుకు ప్రధాన సమస్య. సముద్రపు నీరు రాకపోకలు సాగించనిదే చేపలు, రొయ్యలు సరస్సులోకి రావు. వేసవిలో నీరు ఎండి, ఉప్పదనం పెరుగుతుంది. ముఖద్వారం పూడిక తీయాలన్నది మత్స్యకారుల చిరకాల కోరిక. సరస్సు రక్షిత కేంద్రమైనందున ఏ పనికైనా వన్యప్రాణి చట్టం అనుమతులు అవసరం. ఇక్కడ మత్స్యకారుడి అవసరం, పక్షి అవసరం ఒకటే. ఇద్దరికీ కావలసింది నీరు, చేప. అటవీ, మత్స్య శాఖలు ఈ సామ్యాన్ని ఆధారం చేసుకుని పనిచేస్తే సరస్సు రక్షణకు మత్స్యకారులే ముందు నిలుస్తారు.

2001లో ప్రారంభమైన ఫ్లెమింగో పండుగ ఈ ప్రాంతాన్ని రాష్ట్రమంతటికీ పరిచయం చేసింది. కొన్నేళ్ల విరామం తరువాత 2025 జనవరిలో ఈ పండుగ తిరిగి జరిగింది. మూడు రోజుల పండుగకు వచ్చే సందర్శకుల రద్దీ పక్షులకు ఇబ్బంది కాకుండా చూడటం, పడవ నడిపేవారికి, దారి చూపేవారికి ఏడాది పొడవునా ఉపాధి కలిగేలా చూడటం ముందున్న కర్తవ్యం.

గోదావరి తీరపు ఉదాహరణ

మడ అడవుల విషయంలో గోదావరి, కృష్ణా డెల్టాల అనుభవం అనుసరణీయం. 1990 దశకం చివర అక్కడ ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, గ్రామ సమితులు కలిసి క్షీణించిన మడ అడవుల పునరుద్ధరణ చేపట్టాయి. అలల నీరు చేరక ఉప్పు పేరుకున్న నేలలో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, నీటి రాకపోకలు ఏర్పరచిన తరువాతనే మొక్కలు నాటారు. నేల ఎందుకు చచ్చిందో తెలుసుకున్న పిదపనే మొక్క నాటడం ఇందులోని కిటుకు. కాలువలు పూడకుండా చూసే బాధ్యతను గ్రామస్తులు పంచుకున్నారు. కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రారంభించిన మిష్టి పథకం కింద తీర రాష్ట్రాలలో మడ అడవుల పెంపకానికి అవకాశం ఏర్పడిన నేపథ్యంలో, నెల్లూరు తీరంలోని చిన్న మడ పొదలకు కూడా ఈ పద్ధతి వర్తింపజేయవచ్చు. అయితే పీతలు పట్టుకునే దారిని మూసివేసి మొక్కలు నాటితే ఆ మొక్కలను కాపాడేవారు ఉండరు.

చేయవలసినవి

ఇందుకు కావలసిన చట్టపరమైన వేదికలు ఇప్పటికే ఉన్నాయి. అభయారణ్యాల నిర్వహణకు స్థానిక సంస్థల, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులతో సలహా కమిటీలను ఏర్పాటు చేయడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ వీలు కల్పించింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థ పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీని, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును నిర్దేశించింది. అటవీ హక్కుల చట్టం గ్రామసభకు స్థానం కల్పించింది. ఒకే గ్రామంలో ఈ కమిటీలన్నీ వేర్వేరు కాగితాలపై, వేర్వేరు శాఖల కింద ఉండటం వల్ల ఏ ఒక్కటీ బలపడటం లేదు. వాటిని ఒకే గ్రామసభ ముందుకు తెచ్చి, ఒకే వార్షిక ప్రణాళికగా చర్చించడం మొదటి అడుగు.

రెండవది, లెక్క అందరికీ తెలియడం. పరిహార వనీకరణ నిధి చట్టం 2016లో వచ్చింది. తీరంలో పరిశ్రమలకు, రోడ్లకు అటవీ భూమి మళ్లించినప్పుడు జమ అయ్యే సొమ్ముతో ఎక్కడ, ఏ మొక్కలు నాటారో, ఎన్ని బ్రతికాయో గ్రామ పంచాయతీ బోర్డుపై తెలుగులో వ్రాసి ఉంచితే ప్రజలే పర్యవేక్షకులవుతారు. ఒక చోట నాశనమైన సహజ మడ పొదకు మరొక చోట నాటిన సరుగుడు సమానం కాదన్న విషయం కూడా అప్పుడే చర్చకు వస్తుంది.

మూడవది, నిర్ణయానికి ముందు సంప్రదింపు. పని మంజూరైన తరువాత జరిపే సమావేశం సమాచారం తెలపడానికే పరిమితమవుతుంది. ఏ పని చేయాలన్న దశలోనే, వేటకు వెళ్లని వేళ చూసి, యానాది కాలనీలోనూ మత్స్యకార పల్లెలోనూ వేర్వేరుగా, స్త్రీలతో విడిగా మాట్లాడటం వల్ల అసలు అభిప్రాయం వెల్లడవుతుంది. నాల్గవది, జిల్లా సరిహద్దుకు ఇరువైపులా ఉన్న నెల్లూరు, తిరుపతి జిల్లాల యంత్రాంగాలు, అలాగే పులికాట్ విషయంలో తమిళనాడు యంత్రాంగం క్రమం తప్పక సమాచారం పంచుకోవడం.

నేలపట్టు రైతుకు పక్షి వల్ల కలిగే లాభాన్ని ఏ అధికారీ వివరించి చెప్పవలసిన అవసరం రాలేదు. అది ఆయన పొలంలో కనిపించింది. రక్షక వనం వెనుక ఉన్న పల్లెకు, మడ పొద పక్కన వల వేసే యానాదికి, పూడిన ముఖద్వారం వద్ద వేచి చూస్తున్న మత్స్యకారుడికి కూడా తమ శ్రమ ఫలితం అంత స్పష్టంగా కనిపించేలా చేయగలిగినప్పుడు తీర వనాల రక్షణ ప్రభుత్వ కార్యక్రమంగా మిగిలిపోక ప్రజల దైనందిన వ్యవహారంగా మారుతుంది.